మధ్యాహ్నం మాత్ర

సర్వే చేసే మనిషిలా వేషం వేస్తే ఎవరి ఇంట్లోకైనా దర్జాగా వెళ్లవచ్చని నరసింహులుకు తట్టింది. ఆ ఏడు, అంటే అరవై మూడులో, సర్కారు మనుషులు ఊరూరా తిరిగి జనం ఏం తింటున్నారు, చుట్ట కాలుస్తారా, ఏ మాత్రలు మింగుతున్నారు అని అడిగి రాసుకుపోతున్నారు. వాళ్లను గుమ్మంలో ఆపేవాళ్లే లేరు. హిందూపురంలో మందుల అంగట్లో చేతివాటం చూపి పని పోగొట్టుకున్న నరసింహులుకు ఇంతకన్నా అచ్చొచ్చే దొంగతనం ఏముంటుంది?

ముందు పెనుకొండలో మొదలుపెట్టాడు. అక్కడ ఇంటింటా మోకాళ్ల నొప్పులు, మొలలు, కడుపుబ్బరం ఏకరువు పెట్టారు. వాడు జాలిపడి తనకు తెలిసిన కషాయాలన్నీ చెప్పి, సాయంత్రం ఖాళీ సంచితో రైలెక్కాడు. చివరికి దొంగగా కూడా పనికిరాకుండా పోయానా అని వాడికి తన మీద తనకే నవ్వొచ్చింది.

ధర్మవరంలో మాత్రం మెత్తబడకూడదనుకున్నాడు. పట్టుచీరల వ్యాపారి ఆంజనప్ప ఇల్లు చూసుకుని తలుపు తట్టాడు. ఆంజనప్ప అంగడికి పోయున్నాడు. ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ చాప వేసి, మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టింది.

"ఇంట్లో ఎవరైనా మందులు వాడుతున్నారా అమ్మా?" అన్నాడు నరసింహులు, ఆఫీసరు గొంతు తెచ్చిపెట్టుకుని.

"మా ఆయప్పకు ప్రెషరు ఉండాది నాయనా. మాత్ర తప్పితే చెయ్యీ కాలూ పడిపోతాయన్నాడు డాక్టరు. మధ్యాన్నం అన్నం తిని ఒకటి మింగుతాడు. మింగినాడంటే ఒళ్లు తెలీదు. తప్పెట కొట్టినా లేయడు."

నరసింహులు కలం ఆగింది. "మాత్రలు తాళం వేసిన పెట్టెలో పెడతారా?"

"మాత్రలు గూట్లో ఉంటాయి. పెట్టెలో ఉండేది చీరలు. మంచం కిందే ఉండాది. తాళంచెవి పోయి శానా దినాలాయ, తాళం ఏసేదే లేదు."

"ఆయన పడుకున్నప్పుడు మీరెక్కడ ఉంటారమ్మా?"

"తలుపు దగ్గరేసి పక్కింటి గౌరక్క మగ్గం కాడికి పోతా."

మరునాడు మధ్యాహ్నం నరసింహులు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. ఆంజనప్ప గురక ఇల్లదిరేలా వినబడుతోంది. ప్రెషరు మాత్ర కనిపెట్టిన మహానుభావుడికి మనసులోనే దండం పెట్టుకుని, పెట్టె లాగి, పెద్ద జరీ అంచు చీర ఒకటి పైకి తీశాడు.

గురక ఆగింది. మంచం మీది నుంచి ఒక చెయ్యి వచ్చి వాడి మణికట్టు పట్టుకుంది.

"యాడికిరా ఎత్తకపోతాండావు?" అన్నాడు ఆంజనప్ప. అరవలేదు, గుసగుసగా అన్నాడు.

నరసింహులు నోట్లోంచి ఆఫీసరు తెలుగు ఎగిరిపోయింది. "మాత్ర మింగలేదా సామీ?"

"అది మింగితే రాత్రి దాకా తల దిమ్ము. బేరాలు ఎవురు చేస్తారు? ఆయమ్మ ముందర నోట్లో ఏసుకుంటా, ఆయమ్మ పోతానే ఉమ్మేస్తా. తలుపు చప్పుడైతే ఆయమ్మే అనుకోని గురక పెట్టినా." ఆంజనప్ప పట్టు వదిలాడు. "చీర ఆడ పెట్టి పో. నేను మేలుకోనుండానని ఎవురికీ చెప్పాకు."

సర్వేలో జనం చెప్పేదంతా నిజమని నమ్మినవాడు ఈ జిల్లాలో తనొక్కడేనేమో! సిగ్గేసినా, ప్రాణం మాత్రం కుదుటపడింది. జైలు తప్పిందని నరసింహులు చీర పెట్టెలో పెట్టేసి గుమ్మం వైపు నడిచాడు.

గుమ్మంలో సుబ్బలక్ష్మమ్మ నిలబడి ఉంది. వెనక మగ్గం నేసేవాళ్లు ఇద్దరు. వాళ్లు వచ్చి నరసింహులు రెక్కలు విరిచి పట్టుకున్నారు.

ఆంజనప్ప మంచం మీది నుంచి ఒక్క దూకు దూకాడు. "దొంగను పట్టినా! నేనే పట్టినా!"

సుబ్బలక్ష్మమ్మ నరసింహులు వైపు చూడనైనా చూడలేదు. నేరుగా మొగుడి దగ్గరికి వెళ్లింది.

"వాడు దొంగని నిన్న పెట్టె సంగతి అడిగినప్పుడే తెలుసు. మాత్రలు తెచ్చిస్తానే ఉండా, ప్రెషరు దిగలేదని డాక్టరు నన్ను తిడతానే ఉండాడు. నేను ఎంత లేపినా లేయవు కదా, నీ చీర మీద పరాయి చెయ్యి పడితే లేస్తావో లేదో చూద్దామనే వాణ్ని ఇంట్లోకి రానిచ్చినా!"