క్షమించడానికి వచ్చినాయన

దర్బారు పెద్ద వాకిలి ముందు బచిత్తర్ సింగ్ శాలువా కొంగు ముఖం మీదికి లాక్కున్నాడు. డెహ్రాడూన్‌లో మార్చి ఎండ చురుక్కుమంటోంది. అంత గుంపులో శాలువా కప్పుకున్నవాడు ఆయనొక్కడే.

"అలా కప్పుకుంటేనే అందరూ చూస్తారు," అంది భార్య నసీబ్ కౌర్.

"మన ఊరివాడు ఒక్కడు చూశాడంటే, రేపు గురుద్వారాలో ముఖం ఎక్కడ పెట్టుకోను?"

ఆమె చెప్పులు విప్పి లోపలికి నడిచింది.

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. దీక్షగా అమృతం పుచ్చుకున్న ఖాల్సా సిక్కు ఆయన. రాంరాయ్ వాళ్ళతో పొత్తు పెట్టుకోనని ఆ రోజే ప్రమాణం చేశాడు. ఎప్పుడో పాదుషాను మెప్పించడానికి పవిత్రమైన గురువాణిలో ఒక్క మాట మార్చాడని, సిక్కుల ఏడో గురువు తన పెద్దకొడుకు రాంరాయ్‌నే వెలివేశాడు. ఆ కొడుకు వచ్చి స్థిరపడ్డ చోటే ఈ దర్బారు. ఆయన్ని నమ్మినవాళ్ళు హోలీ వెళ్ళిన ఐదో నాడు పంజాబు నలుమూలల నుంచీ ఇక్కడికి చేరతారు. ఆకాశమంత ఝండా మానును దించి, పాలతో కడిగి, మొక్కుకున్నవాళ్ళిచ్చిన కొత్త గుడ్డలు చుట్టి మళ్ళీ నిలబెడతారు. ఇలాంటి చోట కాలుపెట్టినవాళ్ళకి శిక్ష వేసే ఊరి కమిటీకి బచిత్తర్ సింగే పెద్ద.

కిందటేడు వేశాడు కూడా. సొంత కోడలికి.

మేళా ముగిసిన మర్నాడే, మీ ఇంటి మనిషి రాంరాయ్ భక్తుల బస్సులోంచి డెహ్రాడూన్‌లో దిగిందట అని ఊళ్ళో గుప్పుమంది. ఆ వారం ఇంట్లో ఆడదిక్కు లేదు. నసీబ్ చెల్లెల్ని చూసొస్తానని వెళ్ళింది, కోడలు రుపిందర్ పుట్టింటికి వెళ్ళింది. రుపిందర్ పెళ్ళయ్యాక అమృతం పుచ్చుకున్నదే గానీ, ఆమె పుట్టింటివాళ్ళు తాతల నాటి నుంచీ రాంరాయ్ భక్తులు. ఇక అడగడానికేముంది?

అయినా అడిగాడు, అందరి ముందూ నిలబెట్టి. ఆ పిల్ల ఒక్కసారి ఆడవాళ్ళ వరసలోకి చూసి తల వంచుకుంది. ఏ శిక్ష వేసినా చేస్తానంది. వారం పాటు గురుద్వారా వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చెప్పులు తుడిచింది. తుడిపించుకోవడం కోసమే పూటకి రెండుసార్లు వచ్చినవాళ్ళున్నారు. సొంత కోడలినే వదల్లేదని ఊరు బచిత్తర్ సింగ్‌ని మెచ్చుకుంది. వారం నిండగానే రుపిందర్ బట్టలు సర్దుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

సైన్యంలో ఉన్న కొడుకు సెలవుకి ఇంటికి రాలేదు, నేరుగా అత్తవారింటికే పోయాడు. తలవంపులు చేసినవాళ్ళే వచ్చి పిలవాలని ఫోన్లో ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. బచిత్తర్ సింగ్ బిగుసుకుపోయాడు. కానీ ఈ మధ్య నసీబ్ రొట్టె ముట్టడం మానేసింది. మనిషి చిక్కి సగమైంది. వియ్యంకుడు తన గడప తొక్కనివ్వడు కాబట్టి, వాళ్ళంతా వచ్చే మేళాలోనే కోడల్ని కలుద్దామని పట్టుబట్టింది. చివరికి ఆయనే దిగివచ్చాడు.

ఇప్పుడు నసీబ్ ఎవరినీ దారి అడక్కుండా జనాన్ని తోసుకుంటూ వంటశాల వైపు నడుస్తోంది. గుమ్మంలో ఒక ముసలావిడ ఆమె గడ్డం పట్టుకుని, "వచ్చావా తల్లీ? ఒంట్లో బాగుందా?" అని పలకరించింది.

"ఇదిగో, ఇలా తియ్యగా మాట్లాడే జనాన్ని లాక్కుంటారు," అని గొణిగాడు బచిత్తర్ సింగ్.

రుపిందర్ పెనాల దగ్గర రొట్టెలు ఒత్తుతోంది. మామగారిని చూసి లేచి, ముసుగు సర్దుకుని, పిండి చేతులు తగలకుండా పాదాల దగ్గర వంగింది. అంతలో బయట ఝండా లేస్తోందని కేకలు వినిపించాయి. వంటశాలలో వాళ్ళంతా ఎక్కడి పని అక్కడే వదిలి పరుగెత్తారు. ముగ్గురే మిగిలారు.

దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు ఆయన ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "జరిగిందేదో జరిగిపోయింది. నేను నిన్ను క్షమించాను బిడ్డా. ఇంటికి పద."

రుపిందర్ కదల్లేదు.

"అంత ప్రమాణం కాదని రావలసిన మొక్కేమిటమ్మా? పిల్లల కోసమా?"

"ఆ మొక్కు మీ కోసం, బాపూజీ," అంది రుపిందర్ మెల్లగా. "లూధియానా ఆసుపత్రిలో డాక్టర్లు మిమ్మల్ని ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారే, అప్పటిది. మీరు లేచి తిరిగితే ఝండాకి గుడ్డ చుట్టిస్తామని."

శిక్ష మొదలైన రోజు అందరికంటే ముందు ఆమె ముందు విడిచిన చెప్పులు బచిత్తర్ సింగ్‌వే. బాగా తుడవమని కూడా చెప్పాడు. పిండి రాలిన నేల మీదే కూలబడ్డాడు. శాలువా జారిపోయింది. ఎవరు చూస్తారన్న ధ్యాసే లేదు.

"నా ప్రాణం కోసం మొక్కిన మనిషిని చెప్పుల దగ్గర కూర్చోబెట్టాను. అడిగిన రోజు ఈ ఒక్క మాట ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్పడానికి అది నా మాట కాదు, బాపూజీ."

ఆయనకి అర్థం కాలేదు. కళ్ళు తుడుచుకుంటూ భార్య వైపు తిరిగాడు. "చూశావా నసీబ్? ఇన్నేళ్ళు కాపురం చేసినదానివి, నువ్వు మంచం పక్కన ఏడుస్తూ కూర్చున్నావు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నా కోసం ఇంత దూరం వచ్చింది."

నసీబ్ కౌర్ కోడలి పిండి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది. భర్త ముఖంలోకి చూడలేకపోయింది.

"కిందటేడు వచ్చింది నేను."