ఆర్సీలో ఉన్న నంబరు

"బ్లాకు పగిలింది అక్కా. వెల్డింగు పెడితే నెల గూడ ఆగదు. మార్చుడే," అన్నాడు ఉప్పుగూడ మెకానిక్ ప్రకాశం. గోనెసంచి మీదున్న మరో ఇంజను బ్లాకు చూపించాడు. "గిది పెడత. మా బావమరిది కారుల ఆరేండ్లు నడిచింది, చుక్క నూనె కారలే."

రాజమణి రైల్వేలో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. సంచిలోంచి కారు ఆర్సీ తీసింది. "ఇంజను నంబరు చదువు తమ్మీ. ఆర్సీల మార్పియ్యాలె."

ప్రకాశం బ్లాకును గుడ్డతో తుడిచి ఒక్కో అంకె చదివాడు. ఆర్సీ మీద ఆమె వేలు జరుగుతూ పోయి, చివరి అంకె మీద ఆగింది.

"మార్పిచ్చే పనే లేదు. ఇదే నంబరున్నది."

ప్రకాశం వంగి నంబరు మళ్లీ చూసుకున్నాడు. ఆరేళ్ల కిందట, పగిలింది పనికిరాదని ఆమె కారులోంచి తను తీసేసిన బ్లాకే అది. ఆర్సీ మార్పించే లొల్లి వద్దన్నదీ తనే.

"అప్పుడు పగిలిందంటివి గద, ఎట్ల నడిచింది?"

"వెల్డింగు పెట్టిన అక్కా."

"మంచి పనోడివే." రాజమణి స్టూలు లాక్కుని కూర్చుంది. "నాది నాకు బిగియ్యి. ఇప్పుడు పగిలినదానికి గూడ గట్లనే వెల్డింగు పెట్టియ్యి. మా మరిదికి గూడ కారున్నది."