అల్మరా

"కనపడటం లేదు, తప్పుకో!"

సీరి అరుపు మంచు మైదానమంతా వినిపించింది.

మెర్వి తప్పుకోలేదు. దూసుకొచ్చిన నల్ల రబ్బరు బిళ్ళ ఆమె మోకాలికి తగిలి, దారి మారి, సీరి కాళ్ళ మధ్య నుంచి వలలో పడింది.

సీరి చేతికర్రతో గోలు స్తంభాన్ని టంగుమని కొట్టింది.

"ఎన్నిసార్లు చెప్పాలి? నా కళ్ళ ముందు అల్మరాలా నిలబడొద్దని!"

"సరే," అంది మెర్వి. వెళ్ళి మళ్ళీ అక్కడే నిలబడింది.

మెర్వికి ముప్పై ఆరేళ్ళు. పద్దెనిమిదేళ్ళుగా మూడు ఊళ్ళ ఆడవాళ్ళ ఐస్ హాకీ జట్లలో డిఫెండర్‌గా ఆడుతోంది. పగలు సిటీ బస్సు నడుపుతుంది. ఈ జట్టులో చేరింది చలికాలం మొదట్లోనే. ఇరవై ఆటలు ఆడి ఒక్క గోలూ వేయలేదు.

సీరికి పద్దెనిమిది. ఆమె కాపలా ఉంటే వల కుట్టేసినట్టేనని ఊళ్ళో పేరు. శనివారం ఆటకి ఫిన్లాండ్ జాతీయ జట్టు శిక్షకురాలు వస్తోంది, సీరిని చూడటానికే. ఆ జట్టు శిక్షణ శిబిరంలో గోల్‌కీపర్‌కి ఉన్నది ఒక్కటే ఖాళీ.

ఆట అయ్యాక అందరూ తువ్వాళ్ళు చుట్టుకుని ఆవిరిగదిలోకి వెళ్ళారు. మెర్వి సంచీ భుజాన వేసుకుని బయటికి నడిచింది.

"మళ్ళీ వెళ్ళిపోయింది," అంది రోణ్యా, పైమెట్టు మీద చతికిలబడుతూ.

"వాళ్ళింట్లో ఆవిరిగది ఉందట."

"ఎవరింట్లో లేదూ? మా కుక్కకి తప్ప అందరికీ ఉంది."

అంతా నవ్వారు. ఆట అయ్యాక జట్టుతో కలిసి ఆవిరిలో కూర్చోకపోవడమంటే, బంతిలో విస్తరి ముందు నుంచి లేచిపోవడమే.

"మన చెమట ఆవిడకి కంపేమో," అంది సీరి. ఆమె ఒక్కతే నవ్వలేదు.

శుక్రవారం సీరి కోచ్ ఇస్మో గదికి వెళ్ళింది.

"రేపు మెర్విని దింపొద్దు."

ఇస్మో ఏలకుల బన్ను కాఫీలో ముంచబోతూ ఆగాడు. "ఆవిడ లేకపోతే నీ ముందు ఎవరుంటారు?"

"ఎవరున్నా సరే. బిళ్ళ కనపడాలి నాకు. కనపడితే పట్టేస్తాను. ఆ అల్మరా నా ఎడంపక్కన పాతుకుపోయి ఉంటే ఎలా పట్టుకోను?"

"ఎప్పుడూ ఎడంపక్కేనా?"

"ఎప్పుడూ! కుడి అనేది ఒకటుందని ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు."

ఇస్మో బన్ను పక్కన పెట్టాడు. ఎటూ తేల్చుకోలేనట్టు మెడ రుద్దుకున్నాడు.

"రేపు నీ రోజు," అన్నాడు చివరికి. "నీ మాటే కానీ."

శనివారం మెర్వి ప్రేక్షకుల మధ్య కూర్చుంది. ఆటకి ముందు, తన బదులు దిగుతున్న అమ్మాయిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది.

"ఎక్కడ నిలబడాలో నేర్పుతోంది నాకు!" అంది ఆ అమ్మాయి, కళ్ళు తిప్పుతూ.

"ఏం వినకు," అంది సీరి. "నాకు అడ్డం రాకు, చాలు."

మొదటి బిళ్ళ స్పష్టంగా కనపడింది. ఎవరి కర్ర నుంచి లేచిందో, ఎటు వస్తోందో, అంతా కనపడింది. ఎడమ కాలు చాచేలోపే ఆ పక్క కింది మూల నుంచి లోపలికి పోయింది.

రెండోదీ అక్కడే.

మూడోదాని తర్వాత అవతలి జట్టు వాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఇంకెటూ కొట్టలేదు.

ఆరు గోల్స్. ఆరూ సీరి కళ్ళారా చూసింది.

నడవాలో శిక్షకురాలు ఎదురుచూస్తోంది.

"నీ ఎడమ కాలు ఆలస్యంగా దిగుతోంది. ఆ కింది మూల ఖాళీ. ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"ఎప్పుడూ లేదు!" సీరి తల అడ్డంగా ఊపింది. "ఈ ఏడాది అటునుంచి ఒక్కటి కూడా పోలేదు. కావాలంటే పాత ఆటల వీడియోలు చూడండి."

"అన్నీ చూశాకే వచ్చాను. వాటిలో ఇది ఎక్కడా కనపడలేదు." ఆవిడ చేతిలోని పుస్తకం మూసింది. "వచ్చే ఏడాది చూద్దాంలే."

సీరి బట్టలు మార్చుకునే గదిలోకి వచ్చి ముసుగు విసిరికొట్టింది.

ఆ మూల మెర్వి తన చొక్కా మడతపెట్టి, ఆవిరిగది చూసుకునే ముసలి హిల్కా చేతికిస్తోంది.

"పద్దెనిమిదేళ్ళు చాలు హిల్కా. ఇక రాను."

"వెళ్ళు, ఎవరొద్దన్నారు? ఒళ్ళు కడుక్కుని వెళ్ళు. పొద్దుట్నించి నేను పొయ్యి రాజేసింది గోడలు కాగడానికా?" హిల్కా సంచీ లాక్కుంది. "చివరి రోజైనా అందరితో కూర్చోవే మొండిదానా."

మెర్వి ఓరగా సీరి వైపు చూసింది.

"గోల్‌కీపర్ ముందు బాగుండదు," అంది మెల్లగా.

సీరికి ఒళ్ళు మండింది. ఆ మాటకి అర్థమేమిటని కూడా అడగకుండా ఆవిరిగదిలోకి వెళ్ళి, పైమెట్టు మీద మోకాళ్ళలో తల దూర్చుకుని కూర్చుంది.

"ఏడుపుకి ఆవిరి మంచిదేలే," అంటూ రోణ్యా పొయ్యి మీది రాళ్ళపై నీళ్ళు పోసింది. రాళ్ళు బుస్సుమన్నాయి.

"ఆ అల్మరా ముందే చెప్పి ఉండొచ్చుగా! రోజూ నా ముందే నిలబడేదానికి నా కాలి సంగతి తెలియదా?"

తలుపు తెరుచుకుంది.

మెర్వి లోపలికి వచ్చింది. రోణ్యా చేతిలోని గరిటె గాలిలోనే ఆగింది. సీరి తలెత్తి చూసింది.

మెర్వి ఎడమ చంక కింద నుంచి పిక్క దాకా, కవచం కప్పని చోటల్లా, బిళ్ళంతేసి మచ్చలు, కొన్ని నల్లగా, కొన్ని ఊదాగా, కొన్ని మానుతూ పసుపుగా. కుడివైపు ఒక్కటీ లేదు.