నాలుగో ప్రశ్న

“ఇబ్బందుల సూచికలో తప్పుంది సార్,” అంది కొత్తమ్మాయి.

గదిలో కీబోర్డుల టకటకలు ఠక్కున ఆగిపోయాయి. సూచికల మాస్టారు కళ్ళజోడు ముక్కు చివరికి దించి ఆమెను ఎగాదిగా చూశారు. ఆ సర్వే ఆఫీసులో ఆయనకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు. ఆస్పత్రిలో ఏమేం ఇబ్బందులు పడ్డారో రోగుల్ని అడిగి, వాళ్ళు వేసిన మార్కుల్ని కూడి, భాగించి, చివరికి ఒకే ఒక్క అంకెగా తేల్చే ఆ సూచిక ఆయన సొంత బిడ్డ. అంకె ఎంత తక్కువైతే ఆస్పత్రి అంత గొప్పది. ఉత్తమ ఆస్పత్రిని ఏటా దాన్ని బట్టే ఎంపిక చేస్తారు.

“ఏమన్నావ్? మళ్ళీ అను.”

“తప్పుందన్నాను సార్. ఏమైందంటే...”

“ఆగాగు. నీ ట్రైనింగ్ ఎప్పటితో అయిపోతుంది?”

“ఇవాళ్టితో సార్.”

“అంటే నిన్ను ఉంచాలో ఇంటికి పంపాలో రాయాల్సిన కాగితం ఇంకా నా బల్ల మీదే ఉందన్నమాట. ఆ సంగతి గుర్తుందా?”

గుర్తులేకేం! పాలు మరవని పిల్లను అత్తగారికి అప్పగించి, రెండు బస్సులు మారి వస్తోందా అమ్మాయి. ఆ సంగతి మాస్టారికీ తెలుసు.

“గుర్తుంది సార్. అయినా తప్పు తప్పే కదా సార్.”

ఆ మాటతో మాస్టారి గుండె ఒక్క గంతు వేసింది. మీసాన్ని మాత్రం కదలనివ్వలేదు.

ఎందుకంటే ఆ తప్పు ఆయన కావాలని పెట్టిందే! ట్రైనింగ్‌కు వచ్చిన ప్రతివాళ్ళకీ నిరుటి సర్వే ఇచ్చి సరిచూడమంటారు. అందులో ప్రశ్నలన్నీ ఇబ్బందుల గురించే. ఎంతసేపు కాచుకున్నారు, సిబ్బంది ఎంత విసుక్కున్నారు, గది ఎంత మురికిగా ఉంది వగైరా. సున్నా వేస్తే హాయి, అయిదు వేస్తే నరకం. నాలుగో ప్రశ్న ఒక్కటే ఎదురు తిరుగుతుంది: ‘డాక్టరు మీ మాట సాంతం విన్నారా?’ దీనికి అయిదు వేస్తే విన్నట్టు. అందుకని కూడే ముందు దీని మార్కులు తలకిందులు చెయ్యాలి, అయిదును సున్నాగా, సున్నాను అయిదుగా. మాస్టారు ట్రైనింగ్ వాళ్ళకిచ్చే దాంట్లో ఆ పని ఎగ్గొట్టేసి, ఎవరు పట్టుకుంటారా అని గుంటనక్కలా కాచుకుని కూర్చుంటారు. ఇన్నేళ్ళలో వచ్చినవాళ్ళంతా “బ్రహ్మాండం సార్” అన్నవాళ్ళే. ఒకరిద్దరు నసిగినా, ఆయన కళ్ళజోడు దించగానే ఆ నసుగుడు కూడా మింగేశారు.

ఈ పిల్ల మింగేట్టు లేదు. మరి కాస్త బిగించి చూద్దామనుకున్నారు మాస్టారు.

“ఈ సూచిక పుట్టేనాటికి నువ్వు పలకాబలపం పట్టి ఉంటావు. దానికి వంకలు పెడతావా?”

“మళ్ళీ మళ్ళీ చేసి చూశాను సార్. ఒక్కసారి మీరే ఇటు...”

“నేనేం చూడక్కర్లేదు. అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టు. నీ కాగితం మీద నేనూ పెడతాను. చెల్లుకు చెల్లు!”

ఆమె కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. బ్యాగు తీసి భుజాన వేసుకుంది.

“పెట్టలేను సార్. పంపేస్తే పంపేయండి.”

ఇక మాస్టారి వల్ల కాలేదు. కుర్చీ వెనక్కి దొర్లేంత జోరుగా లేచి చప్పట్లు కొట్టేశారు.

“శభాష్! అందరూ ఇలా రండర్రా! ఇన్నాళ్ళకి నాకు వారసురాలు దొరికింది!”

అందరూ చుట్టూ మూగారు. మాస్టారు ఆ కాగితం మీద ఇంత పొడుగు సంతకం గీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె నోరు తెరిచేలోగా ఇంట్లో భార్యకు ఫోన్ కలిపారు.

“ఇదిగో, విన్నావా? పట్టేసిందోయ్! నా మొహం మీదే తప్పని చెప్పింది!”

“ఆ పిల్లను ఏడిపించారా ఏంటి?” అంది ఆవిడ అటునుంచి.

“ఏదో... కొంచెం.”

“మీ తెలివి తెల్లారినట్టే ఉంది. ముందు దానికి కాస్త టీ ఇప్పించండి.”

టీ వచ్చింది. మాస్టారి ఛాతీ చొక్కా గుండీలు తెగేలా ఉబ్బింది. కన్నకూతురు మొదటి ర్యాంకు తెచ్చినా అంత పొంగిపోయేవారు కాదేమో.

“సార్, ఒక్క మాట...” అంది అమ్మాయి.

“ఒకటేమిటమ్మా, పది చెప్పు! అందరూ వినేట్టు చెప్పు. నాలుగో ప్రశ్నను నేను తలకిందులు చెయ్యలేదని ఎలా కనిపెట్టావ్?”

అమ్మాయి తెల్లమొహం వేసింది.

“నాలుగో ప్రశ్నా? దాని సంగతి నాకు తెలీదు సార్.”

మాస్టారి నవ్వు సగంలో ఆగింది. “మరి నువ్వు చెప్పిన తప్పేంటి?”

“రోగి జవాబు చెప్పకుండా ఖాళీ వదిలేస్తే, మీ ఫార్ములా దాన్ని సున్నా కింద లెక్కేస్తోంది సార్. సున్నా అంటే ఏ ఇబ్బందీ లేనట్టే కదా.” ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించింది. “ఏటా మనం మొదటి బహుమతి ఇస్తున్నది, రోగులెవరూ నోరు విప్పని ఆస్పత్రికి సార్!”