నాలుగు వేళ్ల గడ్డి

గుట్ట వాలులో ఒక గడ్డి దుబ్బు ఉండేది. బారెడు గడ్డమున్న మేకపోతు ఒకటి వాన పడ్డాక ఎప్పుడో ఓసారి వచ్చి, దాని కొసలు మేసి పోయేది. మేసినప్పుడల్లా దుబ్బు కొత్త పిలకలేసి మరింత గుబురుగా లేచేది.

అది చూసి మేకపోతుకు గర్వం తలకెక్కింది. "దీన్ని పెంచేది వానా కాదు, నేలా కాదు. నా పళ్లే! రోజూ కొరికితే రోజూ పెరుగుతుంది," అని దారినపోయే కుందేలుకు కూడా చెప్పింది.

మర్నాటి నుంచి పొద్దున్నే హాజరు. మూడోరోజుకే దుబ్బు నాలుగు వేళ్ల ఎత్తుకు దిగింది.

"మామా, జుట్టు కత్తిరించమంటే మెడ కోస్తావేంటి?" అని దుబ్బు మొత్తుకుంది. "నా వేరుకు వండిపెట్టేది ఈ ఆకే. ఈ నాలుగు వేళ్లూ వదిలేసి, నెల ఆగి రా. కడుపునిండా పెడతాను."

"బద్ధకమొచ్చి సాకులు చెబుతున్నావ్!" అంటూ మేకపోతు మొదలంటా నమిలేసింది.

దుబ్బు మళ్లీ లేవలేదు. తర్వాతి వానకు అక్కడి మట్టి కూడా కొట్టుకుపోయి రాయి తేలింది. మేకపోతు డొక్కలు ఎండిపోయి, ఆ రాయి ముందు నిలబడి "పెరుగు! పెరుగు!" అని అరుస్తూనే ఉంది.

అటుగా వచ్చిన కుందేలు ఆగింది. "ఎందుకు మామా అంత అవస్థ? నీ గడ్డం ఉందిగా, మేసెయ్. రోజూ కొరికితే రోజూ పెరుగుతుంది."

మేకపోతు గబుక్కున గడ్డాన్ని ముందుకాళ్ల మధ్య దాచుకుంది.

"అమ్మో! మొదలంటా కొరికితే మళ్లీ మొలుస్తుందో లేదో!"