సెలెక్షన్‌కు ముందు సాయంత్రం

ప్రాక్టీస్ అయ్యాక వెళ్లి గోల్‌కీపర్ల కోచ్ మహిధర్‌ను ఉడికించడం నాకు రోజూ ఉండే పని. ఆడిన రోజుల్లో ఏ బంతినీ వదిలిన పాపాన పోలేదు మహానుభావుడు.

ఆ సాయంత్రం జహీరాబాద్ గ్రౌండులో వాడి ఎదురుగా నిలబడి, చప్పుడు చేయకుండా బంతి విసిరాను. చెయ్యి ఎత్తలేదు. ముక్కు పగిలింది.

"ఏందిర, నిలబడే నిద్రవోయినవా?"

నా గొంతు వినబడిన వైపు తిరిగాడు. "కండ్లు పోయినయ్‌రా. ప్రణీతకు చెప్పకు. రేపు దానికి స్టేట్ సెలెక్షన్. ఆ పిల్ల ఒక్క బంతి వదుల్తలేదు. నాకు మిగిలింది గా పిల్లనే."

నెత్తురు కడుక్కోవడానికి నల్లా దగ్గరికి తడుముకుంటూ పోయాడు. గ్లవ్స్ విప్పుతూ వాడి శిష్యురాలు ప్రణీత నా పక్కకు వచ్చింది.

"నాకెప్పుడో తెల్సు కాకా. చానా బంతులు గోల్‌ల పడుతున్నయ్. అయినా ‘పట్టిన సార్’ అని ఒర్రుతున్న, గంత ఖుషీ అయితడని. రేపెట్ల?"