మా ఆయన చెప్పిన చిట్కా

నా భార్య అంజనమ్మ పోయి మూడు నెలలైంది. ఆమె ఇంటి చిట్కాలు రాసే ఆన్‌లైన్ గ్రూపులో ఆ సంగతి తెలపాలని, చింతామణి ఊళ్ళోని ఇంటర్నెట్ సెంటర్లో ఆమె ఐడీతోనే లోపలికి వెళ్ళాను.

ముందు ఆమె పాత చిట్కాలు చదివాను. రాగుల్లో ఎండు వేపాకు వేస్తే పురుగు పట్టదట. మాడిన గిన్నెలో చింతపండు ఉడికిస్తే మాడు వదులుతుందట. ప్రతిదాని కింద "ఇది మా ఆయన చెప్పింది" అని ఉంది.

నేను ఏనాడూ పొయ్యి వెలిగించినవాణ్ణి కాదు.

చివర గౌరిబిదనూరు నుంచి ప్రమోద అడిగింది: "యాడికి పోతివి అంజనమ్మా? మీ ఆయన బాగుండాడా? రాగి సంగటి గడ్డలు కట్టకుండా ఏం చేయల్లో ఆయన్నే అడిగి చెప్పు."

ఆమె పోయిందని రాయబోయి, చెరిపేసి, ఆమెలాగే టైపు చేశాను: "బాగుండాడు. ఆయన కెలికిన సంగటి కూడా గడ్డలే కడతాండాది. తెలిసినోళ్ళు ఎవరైనా చెప్పండమ్మా."